విషయం: నా మందుల చీటీ మీద మూడు నెలలుగా నిలిచిపోయిన ప్రశ్నార్థకం గురించి

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో పందొమ్మిదేళ్లుగా గుమస్తాగా పని చేస్తున్నాను. మీరు హనుమకొండలో ఆసుపత్రి తెరిచిన మొదటి ఏడాదే మా ఇంటిల్లిపాదికీ హెల్త్ కార్డు తీసుకుని, ఎనిమిదేళ్లుగా ఒక్కసారి కూడా గడువు దాటనీయకుండా డబ్బు కడుతున్నాను. నా భార్య రెండో కాన్పు, మా అమ్మ కంటి ఆపరేషన్ మీ దగ్గరే జరిగాయి. నా మాట నమ్మి మీ దగ్గర కార్డు తీసుకున్న కుటుంబాలు మా మార్కెట్‌లో ఆరున్నాయి. మీతో నాకు ఇంత సంబంధం ఉన్నది కాబట్టే ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మిర్చి సీజన్ మొదలైనప్పటి నుంచి నాకు తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య దగ్గుతో మెలకువ వస్తున్నది. ఛాతీ పట్టేస్తున్నది, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు నా చెవికే వినిపిస్తున్నాయి. సంక్రాంతి తర్వాతి వారం మీ డాక్టర్ గారు నన్ను చూసి, చీటీ మీద ‘ఆస్తమా’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, మందు పీల్చుకునే పంపు (ఇన్‌హేలర్) ఇచ్చి, ఊపిరి పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఆ ప్రశ్నార్థకాన్ని నేను తప్పు పట్టడం లేదు. పరీక్ష లేకుండా జబ్బును ఖాయం చేయనందుకు ఆయనంటే నాకు గౌరవమే. ఆ గుర్తును తొలగించవలసిన బాధ్యత మీ ఆసుపత్రిలో ఎవరిదో ఇప్పటికీ తేలకపోవడమే నా ఫిర్యాదు.

మొదటిసారి వెళ్తే నోట్లో పెట్టుకుని ఊదే గొట్టాలు అయిపోయాయన్నారు. రెండోసారి వెళ్తే టెక్నీషియన్ మేడారం జాతరకు సెలవు మీద పోయాడన్నారు. అమ్మవార్లకు ఏటేటా బెల్లం మొక్కుకునేవాడిని, అందుకు నేను ఏమీ అనలేదు. కానీ అతను లేడన్న సంగతి నేను సగం రోజు జీతం పోగొట్టుకుని రాకముందే ఫోన్ చేసి చెప్పవచ్చు కదా? మూడోసారి పరీక్ష జరిగింది. ఆ పొద్దున నేను పంపు పీల్చుకుని వచ్చాను, ఎందుకంటే పరీక్షకు ముందు కనీసం నాలుగు గంటలు దాన్ని వాడకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. మూడుసార్లు ఊదించి, ‘నార్మల్’ అని ముద్రించిన కాగితం చేతిలో పెట్టి పంపించారు.

నిత్యం తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర లెక్క చీటీలు) రాసేవాడిని, అంకె తప్పితే నా కన్ను అక్కడే ఆగిపోతుంది. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, కాగితం మీద 148 అని ఉంది. మనిషి వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి ఎంత గాలి రావాలో ఆ యంత్రం లెక్క కడుతుందని, ఎత్తు తగ్గించి రాస్తే తక్కువ గాలి ఊదినా సరిపోయినట్టే చూపిస్తుందని, వైద్య కళాశాలలో చదువుతున్న మా అక్క కూతురు చెప్పింది. అసలు పరీక్ష సగమే జరిగిందని కూడా ఆమే చెప్పింది. మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించాలట. మొదటి సెకనులో వచ్చే గాలి అప్పుడు 12 శాతానికి, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే ఆస్తమా అనడానికి గట్టి ఆధారం దొరికినట్టట. ఒక్కరోజు నార్మల్ వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదని కాదట. నా ముందు ఎవరూ పావుగంట కాదు కదా, ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఇక తప్పు సరిదిద్దమని అడగడంతో నా అసలు యాతన మొదలైంది. రిసెప్షన్ వాళ్లు ల్యాబ్‌కు పొమ్మన్నారు. ల్యాబ్‌లో ‘రిపోర్టు సిస్టంలో లాక్ అయింది, మేం మార్చలేం, పీఆర్వోను కలవండి’ అన్నారు. ఆ పీఆర్వో భోజనానికి వెళ్లారు, తర్వాత మీటింగుకు వెళ్లారు, తర్వాత ఇంటికి వెళ్లారు. మరునాడు మళ్లీ రిసెప్షన్ ముందు నిలబడి మొదటి నుంచి చెప్పుకుంటుండగా దగ్గు తెర వచ్చింది. బల్ల అంచు పట్టుకుని వంగిపోయాను, చేతిలో కాగితాలు కింద పడ్డాయి. కౌంటర్‌లో ఉన్న యువకుడు కంప్యూటర్ మీద నుంచి కన్ను తిప్పకుండానే, ‘సార్, కొంచెం పక్కకు నిలబడి దగ్గండి, వెనక లైనుంది’ అన్నాడు. నా వెనక నిలబడ్డ ఒక ముసలమ్మ ఆ కాగితాలు ఏరి ఇచ్చింది. డైరెక్టర్ గారూ, ఎనిమిదేళ్ల నమ్మకం నాకు అక్కడే విరిగింది.

మీ టోల్‌ఫ్రీ నంబరుకు పదకొండు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ సంక్రాంతి నుంచి కథ మళ్లీ మొదలు. ఒకమ్మాయి ‘హనుమకొండలో మన బ్రాంచి ఉందా సార్?’ అని నన్నే అడిగింది. ఫిర్యాదు నంబరు ఇచ్చిన రెండో రోజే ‘మీ సమస్య పరిష్కరించబడినది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి’ అని మెసేజీ వచ్చింది. మార్కెట్‌లో కాంటా రెండు కిలోలు తేడా చూపితే రైతు ముందు నిలబడి జవాబు చెప్పి, బస్తా మళ్లీ తూకం వేయించేది నేనే. అది చేయకుండా పట్టీ మీద ‘పరిష్కారమైంది’ అని రాస్తే ఏ రైతూ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

మా నాయన పదేళ్లు దమ్ముతో బాధపడి, అది ఏ జబ్బో పేరైనా తెలియకుండానే పోయాడు. నాకున్నది ఆస్తమానా, మిర్చి ఘాటు, దుమ్ము వల్ల వచ్చిందా, ఇంకేదైనా ఉందా అన్నది తేలితేనే రోజూ పంపు వాడాలా, ఈ కొలువు మానుకోవాలా అన్నది నిర్ణయించుకోగలను. ఊదితే ముల్లు కదిలే చిన్న ప్లాస్టిక్ మీటరుతో రెండు వారాలు పొద్దునా రాత్రీ కొలిచి, మార్కెట్ నడిచే రోజులను సెలవు రోజులతో పోల్చి చూస్తే ఎంతో తెలుస్తుందట. అది మీలో ఒక్కరికైనా గుర్తు రాలేదు.

సరైన ఎత్తు నమోదు చేసి, మందుకు ముందూ వెనకా పరీక్ష మళ్లీ ఉచితంగా చేయించాలి. దాన్ని చదివిన డాక్టర్ గారు నాతో కూర్చుని మాట్లాడి, జబ్బు పేరును ప్రశ్నార్థకం లేకుండా రాయాలి, లేదా ఇంకా ఏం చూడాలో రాయాలి. కౌంటర్ దగ్గర జరిగినదానికి మీ సంతకంతో జవాబు రావాలి. నా వైద్య రికార్డుల నకళ్లు కూడా అడుగుతున్నాను. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం వాటిని 72 గంటల్లో ఇవ్వాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2019 చట్టం కింద ఫిర్యాదుకు నాకు రెండేళ్ల గడువుంది. పదిహేను రోజుల్లో మీ నుంచి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, నా మాట మీద కార్డు తీసుకున్న ఆ ఆరు కుటుంబాలకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

చీటీ, తప్పు రిపోర్టు, మీ మెసేజీ నకళ్లు జతపరిచాను. పరీక్షకు మార్కెట్ సెలవు రోజు ఇవ్వండి. ఆ పొద్దున పంపు ముట్టకుండా వస్తాను.

భవదీయుడు,
ఎనిమిదేళ్ల హెల్త్ కార్డు సభ్యుడు,
ఏనుమాముల, వరంగల్