సర్వర్ల కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్లను చేత్తోని ముట్టకుర్రి
అన్నలూ తమ్ముళ్లూ, నిన్న హన్మకొండల ఇంట్ల కూసొని రాత్రి రెండింటి దాక మేల్కొన్న, ఎందుకంటె 14 సర్వర్లల్ల 13 మంచిగనే ఉన్నయి, ఒక్కదాంట్ల మాత్రం క్రోనీ (గడియారం సరిజేసే ప్రోగ్రాం) ఫైల్ల పాత టైమ్ సర్వర్ అడ్రస్ ఉంది, గడియారం నాలుగు నిమిషాలు ఎన్కకు నడుస్తుంది, లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తె ఏది ముందు అయిందో ఏది తర్వాత అయిందో సమజ్ కాలె. ఎవరో అర్జంటని విమ్ ఎడిటర్‌ల తెరిచి మార్చిండ్రు. ఎవరని అడగను, పోయినేడు నేనే గట్ల చేసిన 😄

ఇప్పటిసంది ఈ ఫైళ్ల అసలు కాపీ గిట్‌లనే (ఎప్పుడు ఏం మారిందో లెక్క ఉంచే చోటు) ఉంటది, సర్వర్లకు ఆన్సిబుల్ (అన్ని సర్వర్లకు ఒక్కకాడి నుంచే సెట్టింగులు పంపే టూల్) తోనే పోతది. దానికి సర్వర్లల్ల ఏజెంట్ గీజెంట్ (ఎన్కకెల్లి నడిచే ప్రోగ్రాం) ఎక్కియ్యాల్సిన పని లేదు, అవుతల ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), పైథాన్ ఉంటె చాలు. పప్పెట్ అనే ఇంకో టూల్ అయితె మామూలుగ ప్రతి 30 నిమిషాలకు ఏజెంట్ తనే సూస్కొని, చేత్తోని మార్చింది మల్ల సక్కగ చేస్తది, మంచిదే గని మన 14 కు అంత సంసారం ఎందుకని నా లెక్క.

ఆన్సిబుల్ నడిపేముందు చెక్, డిఫ్ ఆప్షన్లు రెండూ పెట్టుర్రి, ఏ లైన్ మారుతదో ప్లస్సు మైనస్సులతోని చూపెడతది, ఏం మార్చది. ఎస్ఎస్‌హెచ్‌డి (సర్వర్ల లాగిన్‌లు తీసుకునే సర్వీస్) ఫైల్‌కైతె ఆన్సిబుల్ టెంప్లేట్ టాస్క్‌ల వ్యాలిడేట్ లైన్ (ఫైల్ పెట్టకముందే తప్పులు చూసేది) ఉండాల్సిందే, లేకుంటె ఒక్క అక్షరం తప్పువోయి సర్వీస్ రీస్టార్ట్ అయిందంటె అన్నిట్ల తలుపులు ఒక్కసారే బంద్, ఇగ హైదరాబాద్ బస్సెక్కుడే. గందుకే సీరియల్ 1 పెట్టిన, ఒక్క సర్వర్ అయినంకనే ఇంకోటి, ఫెయిలయితె అక్కడనే ఆగుతది.

గిట్ రిపో లింక్ పొద్దుగాల పంపుత. పాస్‌వర్డ్‌లు ఆన్సిబుల్ వాల్ట్‌ల (తాళమేసి దాచే ఫైల్) పెట్టుర్రి, మామూలు ఫైల్ల గాదు.