డయల్ మీది పేరు కాదు, మిషను నంబరు చూడండి

సంపాదకులకు,

బీరువాల్లో మూలనపడ్డ కీ వాచీలను బయటికి తీసి బాగుచేయించుకునే వాళ్లు ఈమధ్య పెరిగారు. సంతోషమే. కానీ దుకాణం మెట్టెక్కగానే వాళ్లకు వినిపించే మాట, "పార్టులు దొరకవండీ". చాలాసార్లు అది లోపలి మిషను (ముళ్లను నడిపే యంత్రం) ఏదో చూడకుండా, డయల్ మీది పేరు చదివి చెప్పేసిన మాట.

స్విస్ వాచీ కంపెనీల్లో చాలా వాటికి సొంత మిషను లేదు. ఏఎస్, ఎఫ్‌హెచ్‌ఎఫ్, ఈటీఏ, యూనిటాస్ లాంటి సంస్థలు మిషన్లు తయారుచేసి అందరికీ అమ్మేవి. అందుకే పది రకాల పేర్లున్న డయళ్ల వెనక ఒకటే మిషను ఉండొచ్చు, దానికి పార్టులూ సులువుగానే దొరకొచ్చు. రోమర్ వాళ్లలా సొంతంగా చేసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మిషను మీద ఎంఎస్‌టీ అనే ముద్ర ఉంటుంది. మన హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైంది కాబట్టి జనతా, పైలట్ వాచీల్లోని 0231 మిషను సిటిజన్ వంశానిది: 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు), గంటకు 18,000 కొట్టుడు (టిక్కులు). హైదరాబాద్ ఆల్విన్ వాచీలకు సీకో సాంకేతికత. వాటికి స్విస్ పార్టులు వెతకడం వృథా శ్రమ.

వెనక మూత మీది అంకెలు సాధారణంగా కేసు నంబరో, వరస నంబరో అయి ఉంటాయి. సీకో దీనికి మినహాయింపు. అక్కడ గీతకు ముందున్న నాలుగంకెలు మిషనువి, తర్వాతివి కేసువి. 7009 అని మొదలైతే లోపల 7009 ఆటోమేటిక్ ఉండాలి. ఉందో లేదో మూత తీస్తేనే తెలుస్తుంది. మూత అంచున చిన్న నొక్కు ఉంటే అక్కడే బ్లేడు పెట్టి లేపాలి. చుట్టూ గాడులుంటే అది మర మూత, దానికి తగిన పానా కావాలి. వెనక ఎక్కడా అతుకే కనిపించకపోతే అద్దం తీసి ముందువైపు నుంచి మిషనును బయటికి తీయాలి. అలాంటి కేసును వెనక నుంచి పొడిచి గీతలు పెట్టిన వాచీలు బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

బ్రిడ్జి (చక్రాలను పట్టి ఉంచే పై పలక) మీద పెద్ద అక్షరాలతో ఉండేది వాచీ అమ్మిన కంపెనీ పేరు. అసలు ముద్ర బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగే చక్రం) కింద, ప్లేటు మీద ఉంటుంది. డాలు ఆకారపు గడిలో ఏఎస్ అనో ఈటీఏ అనో, పక్కన 1686, 2390 లాంటి అంకె. పదింతలు చూపే ఐగ్లాసు పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా వంచితే ఏదీ విప్పకుండానే చదవొచ్చు. కనపడలేదని పట్టకారుతో వీల్‌ను నెట్టకూడదు. దాని మీది సన్నని చుట్టల హెయిర్ స్ప్రింగు వంగి చుట్టుకు చుట్టు తగిలిందంటే వాచీ విపరీతంగా ముందుకు పరిగెడుతుంది. బ్యాలెన్స్ కాక్ (ఆ వీల్‌ను పట్టి ఉంచే చిన్న పలక) మీద మూడక్షరాలు కనిపిస్తే అది మిషను పేరు కాదు, అమెరికాకు ఎగుమతి చేసినప్పుడు వేసిన దిగుమతిదారు కోడ్. పక్కనే 'అన్‌అడ్జస్టెడ్' అని ఉంటే కంగారు పడనక్కర్లేదు, అదీ అక్కడి సుంకాల లెక్క కోసం వేసిందే.

బ్యాలెన్స్ కింద ఏమీ లేకపోతే డయల్ విప్పాలి. ముందు స్టెమ్ (కీ తిప్పే కాడ) తీయాలి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. దాన్ని పట్టి ఉంచే సెట్టింగ్ లీవర్ స్క్రూను ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర తిప్పితే స్టెమ్ వచ్చేస్తుంది. పూర్తిగా విప్పేస్తే డయల్ వైపు లీవర్ జారిపోతుంది, స్టెమ్ మళ్లీ పట్టదు. డయల్ కింద కూడా ముద్ర లేకపోతే కొలతే దారి. డయల్ వైపు అంచు మెట్టును వదిలేసి మిషను వ్యాసం కొలిచి 2.256తో భాగిస్తే లీన్లలో (వాచీ మిషన్ల పాత కొలత) వస్తుంది, 23.7 మి.మీ. అయితే పదిన్నర లీన్లు. తర్వాత చూడాల్సింది సెట్టింగ్ లీవర్ స్ప్రింగు ఆకారం. మిషను మిషనుకూ అది మారుతుంది, పాత పార్టుల కేటలాగుల్లో బొమ్మలు దాన్నిబట్టే వరసగా పేర్చి ఉంటాయి. జ్యువెల్స్ లెక్కతో మిషను తేలదు, 17 జ్యువెల్స్ మిషన్లు వందల్లో ఉన్నాయి.

ఇంత చాదస్తం ఎందుకంటే మెయిన్ స్ప్రింగుకు (కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపేది) వెడల్పు, మందం, పొడవు మూడూ సరిపోవాలి. మందం మి.మీ.లో నూరింట రెండు వంతులు ఎక్కువైనా బ్యాలెన్స్ అతిగా ఊగి, దాని ఇంపల్స్ పిన్ను, దాన్ని నెట్టే ఫోర్కుకు బయటివైపు తగులుతుంది. రోగం మెయిన్ స్ప్రింగుదైతే నింద హెయిర్ స్ప్రింగు మీద పడుతుంది. బ్యాలెన్స్ స్టాఫ్‌తో (ఆ వీల్ ఇరుసు) ఇంకో చిక్కు. ఒకే నంబరు మిషనుకు ఇంకాబ్లాక్ (దెబ్బ తగిలినా ఇరుసు విరగకుండా కాచే అమరిక) ఉన్నదానికి ఒక స్టాఫ్, లేనిదానికి వేరొకటి. కాబట్టి నంబరుతో పాటు షాక్ స్ప్రింగు రకం కూడా రాసుకోవాలి.

ఆన్‌లైన్లో చవగ్గా, కొత్త రంగుతో మెరిసే 'స్విస్' వాచీలు కొనేవాళ్లకు ఒక మాట. లోపలి మిషను చాలా వాటిలో హెచ్‌ఎంటీదే. మిషను మంచిదే, చెప్పిన పేరే అబద్ధం. డయల్ కాళ్లు (వెనక ఉండే సన్నని పిన్నులు) ఏ మిషనుకు ఆ మిషను చోట్లలోనే ఉంటాయి. కాళ్లు కోసేసి జిగురుతో అంటించి ఉన్నా, మిషను కేసులో వదులుగా కదులుతున్నా, స్టెమ్ కేసు రంధ్రానికి నడుమ పడకపోయినా అది అతుకుల వాచీ. మిషను ఫొటో పెట్టని అమ్మకందారు దగ్గర కొనకండి.

దుకాణాల రసీదుల మీద "పాత వాచీ ఒకటి, సర్వీసు" అని రాసి చేతులు దులుపుకుంటున్నారు. మూత తీసి మిషను పేరు, నంబరు, జ్యువెల్స్, షాక్ రకం రసీదు మీద రాసి, యజమాని ఎదుటే సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీయడానికి అయిదు నిమిషాలు చాలు. వాచీ తిరిగి తీసుకునేటప్పుడు మూత తీయించి ఆ ఫొటోతో పోల్చుకోవడం యజమాని హక్కు. తూనికలు కొలతల శాఖ, వర్తక సంఘాలు ఈ రసీదు పద్ధతిని తప్పనిసరి చేయాలి.

ఇట్లు
ఒక వాచీ మరమ్మతుదారు, తెనాలి