సెలవులకి ముందు ఒక మాట: చేపల్ని, తాబేళ్ళని చెరువులో వదలొద్దు

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

సెలవుల డేట్లు రెండో పేజీలో ఉన్నాయి కాబట్టి మళ్ళీ రాయట్లేదు. మొన్న ఐదో క్లాసు పిల్లలొచ్చి, సెలవుల్లో మన గోల్డ్‌ఫిష్‌ని ఎవరు చూస్కుంటారు మేడమ్, చెరువులో వదిలేద్దామా, పాపం హాయిగా ఈదుకుంటుంది అన్నారు. ముచ్చటేసింది గానీ, ఇలాంటి జాలి వల్లే చాలా చోట్ల చెరువులు పాడయ్యాయి.

తొట్టిలో వేలెడంత ఉండే గోల్డ్‌ఫిష్ చెరువులో పడితే అడుగు పొడుగు కూడా పెరుగుతుంది, బురదంతా కెలికి మొక్కల్ని పీకేస్తుంది, నీళ్ళు మురికై లోపలికి వెలుతురు పోదు, ఇక ముందునుంచీ అక్కడున్న చేపలు ఏం తినాలి, గుడ్లెక్కడ పెట్టాలి? చెవి దగ్గర ఎర్ర చార ఉండే బుల్లి తాబేలు ఉంటుంది చూడండి, పిల్లలు మారాం చేసి కొనిపించుకునేది, అది అమెరికాది, పళ్ళెమంత అవుతుంది, 20, 30 ఏళ్ళు బతుకుతుంది. విసుగొచ్చి వదిలేస్తే తిండికీ, ఎండ కాచుకునే చోటుకీ అక్కడి తాబేళ్ళతో పోటీకొస్తుంది. యూరోపియన్ యూనియన్ 1997లోనే దాని దిగుమతి ఆపేసింది.

అలాగని బయటి నుంచొచ్చినవన్నీ చెడ్డవి కావు, మొక్కజొన్న కూడా ఖండాలు దాటొచ్చిందే. అదుపు లేకుండా పెరిగి మిగతావాటిని తొక్కేసేవాటితోనే గొడవ. గుర్రపుడెక్కని పూలు బాగున్నాయనే అమెజాన్ ప్రాంతం నుంచి దేశదేశాలకీ పట్టుకెళ్ళారు, ఇప్పుడది అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది, పీకి పారేసినా విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి కాచుక్కూర్చుంటాయి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో దాన్ని తినే ముక్కుపురుగుల్ని 1990లలో వదిలితే బాగానే తగ్గింది.

ఇది చెప్పగానే ఒక నాన్నగారు, అదీ బయటి పురుగేగా మేడమ్ అన్నారు, కరెక్టే. 1935లో ఆస్ట్రేలియావాళ్ళు చెరకు తోటల్లో పురుగుల్ని తింటాయని కేన్ టోడ్ అనే కప్పల్ని తెచ్చి వదిలారు, అవి ఆ పురుగుల్ని పెద్దగా తగ్గించింది లేదు గానీ వాటి విషానికి వాటిని తిన్న జంతువులే చచ్చిపోతున్నాయి. ముక్కుపురుగుల్ని మాత్రం ఇంకే మొక్క జోలికీ పోవని ముందు టెస్టులు చేశాకే వదిలారు. తేడా అక్కడుంది.

ఇంట్లో అక్వేరియం తీసేస్తుంటే ఆ నీళ్ళు కాలవలో పొయ్యకండి, కుండీల్లో పొయ్యండి, అందులోని మొక్కల్ని బాగా ఎండబెట్టాకే చెత్తలో వెయ్యండి. మన గోల్డ్‌ఫిష్‌ని సెలవుల్లో ఎవరైనా ఉంచుకోగలిగితే శుక్రవారంలోపు క్లాస్ టీచర్‌కి చెప్పండి, మేత డబ్బా మేమే ఇస్తాం, పిల్లి ఉన్న ఇళ్ళు మాత్రం వద్దు!

మీ హెడ్‌మిస్ట్రెస్