అప్‌డేట్‌తో పాడైపోయిన చీర రిగ్ గురించి ఫిర్యాదు

అనంతపురం,
జూలై 7, 2025.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: జూన్ 14 నాటి అప్‌డేట్ వల్ల పాత్రల బట్టల వెయిట్స్ (బొమ్మ కదిలితే బట్ట ఎక్కడ ఎంత కదలాలో చెప్పే అంకెలు) తెగిపోవడం, పాత వెర్షన్ ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మీ టూడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను రెండేళ్లుగా వాడుతున్నాను. ఏడాదికి 18,600 రూపాయల చందా. మొన్న మార్చిలోనే మళ్లీ కట్టాను. మీ హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్ చేసినవారు తెలుగులోనే మాట్లాడి దీన్ని నాకు అమ్మారు. వదులు బట్టలకు ఇంతకన్నా మంచిది లేదని చెప్పారు కూడా. అందుకే ఈ లేఖా తెలుగులోనే రాస్తున్నాను. మూడు మెయిళ్లలో చెప్పుకున్నా మీవాళ్లు అసలు సంగతి పట్టుకోలేదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

ఇంట్లోనే ఒక కుర్రాడి సాయంతో పిల్లల కథలకు యానిమేషన్ చేసి బతుకుతున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్నది ఎనిమిది భాగాల కథ. అందులో ముఖ్యపాత్ర ఒక అవ్వ. శనక్కాయల చేలో పనిచేసేవాళ్లకు సద్ది గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచి పోతుంది. కథ సగం ఆ నడకలోనే ఉంది. ఆషాఢంలో మా వైపు గాలి ఎట్లా కొడుతుందో రామగిరి కొండల మీద గాలిమరలు చూసినవాళ్లకు తెలుసు. ఆ గాలిలో అవ్వ కొంగు ఎగరాలి, కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుని మళ్లీ విడిపోవాలి. అది లేకపోతే ఆ బొమ్మ మా అవ్వ కాదు.

బిగుతు చొక్కా అయితే రిగ్గింగ్, అంటే బొమ్మ కదలడానికి చేసే అమరిక, సులభం. చెయ్యి లేస్తే చొక్కా చెయ్యి లేస్తుంది, బొమ్మ లోపల ఎముకల్లా పెట్టే బోన్లలో ఒకటి రెంటికి కట్టేస్తే సరిపోతుంది. చీర అట్లా కాదు. నడుము దగ్గర బిగిసి ఉంటుంది, తొడ లోపలి నుంచి ముందుకు తోస్తుంది, మోకాలి కింద పిక్క తోస్తుంది, అంచు మాత్రం అడుగు పడిన తర్వాత కాసేపటికి వెనక నుంచి వస్తుంది. అందుకని కుచ్చిళ్ల మీది ఒక్కో మెష్ పాయింటుకు, అంటే బొమ్మ మీద పరిచిన వలలో ఒక్కో ముడికి, ఆరు బోన్ల బలం పంచాను. నడుముకు 40, రెండు తొడలకు 15 చొప్పున, అంచు బోన్‌కు 14, రెండు పిక్కలకు 8 చొప్పున. మొత్తం 100. ఇవి ఊరికే వేసిన అంకెలు కావు. మా అమ్మను వరండాలో నడిపించి, ఫోన్‌లో వీడియో తీసి, ఒక్కో ఫ్రేము చూస్తూ సరిచేసుకున్నవి. ఈ ఒక్క చీరకే పదకొండు రాత్రులు పట్టింది.

జూన్ 14న అప్‌డేట్ చేశాను. ఫైలు తెరిచి, పైపైన చూసి, సేవ్ చేశాను. మర్నాడు నడకను రెండర్ చేస్తే, అంటే తుది వీడియోగా తీస్తే, అవ్వ కాలు చీరలోంచి బయటికి పొడుచుకొచ్చింది.

కారణం వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది. కొత్త వెర్షన్‌లో ఒక్కో పాయింటుకు నాలుగు బోన్లకు మించి ఉండకూడదని హద్దు పెట్టారు. గేముల్లో వేగం కోసం అట్లా పెట్టడం మామూలే అని నాకూ తెలుసు. కానీ నేను చేసేది గేమ్ కాదు, రెండర్ చేసిన వీడియో. మీ సాఫ్ట్‌వేర్ నా ఆరు బోన్లలో తక్కువ బలం ఉన్న రెండు పిక్కలను తీసేసింది. మిగిలిన 84ను మళ్లీ 100గా సర్దేసింది. నడుము 40 కాస్తా 48 అయింది, చీర పైన బిర్రబిగిసింది. మోకాలి కింద తోసే బోనే లేదు కాబట్టి కాలు బట్టను దాటి వచ్చేస్తోంది. అంచు దగ్గర ఇంకా ఘోరం. అక్కడ అంకెలు పాయింటుకో రకంగా ఉంటాయి కాబట్టి పక్కపక్క పాయింట్లలో ఒకదానికి ఎడమకాలి బోన్లు పోయాయి, ఇంకోదానికి కుడికాలివి పోయాయి. అవ్వది గళ్ల చీర. ప్రతి అడుగుకూ ఆ గళ్లు రంపం పళ్లలా విరిగిపోతున్నాయి. సాదా చీరైతే కొంతవరకు కనపడకుండా పోయేదేమో, గళ్లలో ఏ వంకరా దాగదు.

ఇంత జరుగుతున్నా తెరమీద ఒక్క హెచ్చరిక రాలేదు. వెయిట్స్ తగ్గిస్తున్నాం, ఒప్పుకుంటారా అని అడిగి ఉంటే వద్దు అనేవాణ్ణి. పాత ఫైలుకు నకలు కూడా దానంతట అది తీసిపెట్టలేదు. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసినది పాత దాంట్లో తెరుచుకోదు. నా దగ్గర ఉన్న బ్యాకప్ మే నెలది. అందులో అవ్వ చీర సగమే అయింది, తాత పంచె అసలు లేదు.

మీ సపోర్ట్‌వాళ్ల మొదటి జవాబు, చీరను నడుము బోన్‌కే కట్టేయమని. అట్లా చేస్తే చీర గంట ఊగినట్టు ఊగుతుంది, లోపల మనిషి నడుస్తున్నట్టు ఉండదు. రెండో జవాబు, చీరను మోకాలి దగ్గర రెండు ముక్కలు చేసి వేరే లేయర్లలో పెట్టమని. కుచ్చిళ్లు బొడ్లో దోపిన చోటి నుంచి పాదం దాకా ఒకే గీతగా దిగుతాయి. మధ్యలో కోస్తే ఆ అతుకు ప్రతి అడుగులోనూ కనిపిస్తుంది. మూడో మెయిల్‌కు జవాబే లేదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. కొంగు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. టైమ్‌లైన్ మధ్యలోంచి నడిపితే కొంగు ఊపు మారుతుంది, కానీ బట్ట ఊపును సాఫ్ట్‌వేరే లెక్కకట్టే ఫిజిక్స్‌కు అంతకు ముందరి ఫ్రేముల లెక్క కావాలి కాబట్టి అది సహజం. నేను షాట్‌కు 24 ఫ్రేముల ముందు నుంచి నడిపి, ఆ ఊపును కీఫ్రేములుగా బేక్ చేసుకుంటాను, అంటే మళ్లీ మారకుండా ఫ్రేముల్లో స్థిరపరుచుకుంటాను. ఆ పని మీ సాఫ్ట్‌వేర్ బాగా చేస్తుంది. అందుకే ఇన్నాళ్లూ వదలలేదు.

బొమ్మ కీళ్ల మీద నాకు ఈ పిచ్చి పట్టింది చిన్నప్పుడు నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినప్పుడు. భుజం దగ్గర ఒక ముడి, మోచేతి దగ్గర ఒక ముడి. ఏ ముడి ఎక్కడ వెయ్యాలో ఆడించేవాళ్లకు తెలుసు. ఎవరో వచ్చి, చెప్పకుండా, రాత్రికి రాత్రి అందులో రెండు ముడులు విప్పేస్తే ఆ మనిషి మర్నాడు తెర వెనక ఎట్లా నిలబడతాడు? నాకు జరిగింది అదే.

దీనివల్ల 19 రోజుల పని పోయింది. రెండో భాగం ఇవ్వాల్సిన గడువు దాటింది. చేయించుకుంటున్నవారు 22,000 రూపాయలు తగ్గించి ఇస్తామన్నారు. సాయం చేసే కుర్రాడికి జీతం మాత్రం నేను పూర్తిగా ఇచ్చాను. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర కూడా సరిగా లేదు.

నాకు ముందుగా కావలసింది పాత వెర్షన్. దాన్ని తిరిగి ఇవ్వండి, కొత్త ఫైళ్లు అందులో తెరుచుకునే మార్గం కూడా చూపండి. నాలుగు బోన్ల హద్దును వాడేవారి ఇష్టానికి వదిలేయండి. తగ్గించిన 22,000 రూపాయలు, మిగిలిన నెలల చందా నాకు చెల్లించండి. పోయిన వెయిట్స్ మీ సర్వర్‌లోని క్లౌడ్ కాపీలో ఏమైనా ఉన్నాయేమో ఈ వారంలోనే వెతికించండి. అవి దొరికితే మిగతావాటి గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఇది సంపాదన కోసం కొన్నది కాబట్టి వినియోగదారుల చట్టం కిందికి రాదని మీ ప్రతినిధి ఫోన్‌లో అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చూశాను. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొని వాడుకునేదాన్ని వాణిజ్య అవసరంగా లెక్కించకూడదని అందులో ఉంది. ఫిర్యాదుదారు ఉండే చోటే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చని కూడా ఉంది. 15 రోజుల్లో మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే నేను ఇక్కడి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను.

అప్‌డేట్‌కు ముందు, తర్వాత రెండర్ చేసిన అదే నడక వీడియోలు రెండూ జతచేశాను. ఒక్కొక్కటి 8 సెకన్లే. మీ దగ్గర రిగ్గింగ్ తెలిసిన మనిషిని కూర్చోబెట్టి, మోకాలి కింది భాగం చూడమనండి.

ఇట్లు,
మీ చందాదారుడు,
అనంతపురం.