‘అదే పోతుందిలే’ అనకండి, మచ్చ పేరు రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో మొటిమల గురించీ జుట్టు రాలడం గురించీ ఎన్నోసార్లు చదివాను. పుట్టుకతో వచ్చే మచ్చల గురించి మాత్రం వివరంగా చదివిన గుర్తు ఒక్కసారి కూడా లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకు 44 ఏళ్లు. ఎడమ చెంప మీద కంటి కింద నుంచి దవడ దాకా ఎర్రటి మచ్చ ఉంది. నేను పుట్టినప్పుడు అది లేత గులాబీ రంగులో ఉండేదట, మా అమ్మ చూపించి అడిగితే "అదే పోతుందిలే" అన్నారట. చాలా ఏళ్ల తర్వాత నా కొడుకు పుట్టి, వాడి నడుము కింద నీలంగా మచ్చ కనిపించినప్పుడు కూడా అదే మాట విన్నాను. ఆ తర్వాత మా తమ్ముడి కూతురి కనురెప్ప మీద చిన్న ఎర్ర చుక్క వచ్చినప్పుడు కూడా అదే మాట. మూడూ వేర్వేరు మచ్చలు, మాట మాత్రం ఒక్కటే, అది నిజమైంది మా అబ్బాయి విషయంలోనే.

మన భాషలో అన్నిటికీ పుట్టుమచ్చ అనే ఒక్క మాటే ఉండటం కూడా ఇందుకు కొంత కారణమేమో అనిపిస్తుంది. నువ్వుగింజంత నల్ల చుక్కా పుట్టుమచ్చే, సగం ముఖాన్ని కప్పేసిన ఎర్ర మరకా పుట్టుమచ్చే. డాక్టర్లకు మాత్రం ఇవి వేర్వేరు జబ్బులు, వేర్వేరు దారులు. కొన్ని రక్తనాళాల వల్ల వస్తాయి, కొన్ని చర్మానికి రంగునిచ్చే కణాల వల్ల వస్తాయి.

నాది పోర్ట్ వైన్ స్టెయిన్. చర్మంలోని సన్నటి రక్తనాళాలు వెడల్పుగా ఉండిపోవడం వల్ల ఇది వస్తుంది. వెయ్యి మంది పసిపిల్లల్లో దాదాపు ముగ్గురికి ఉంటుంది. ఇది తనంతట తాను పోదు, మనిషితో పాటే పెరుగుతుంది, వయసు మీద పడేకొద్దీ ముదురుతుంది, దళసరి అవుతుంది. నాకు నలభై దగ్గర పడుతుండగా చెంప మీద చిన్న చిన్న బుడిపెలు లేచాయి, తువ్వాలుతో కాస్త గట్టిగా తుడిస్తే చాలు రక్తం వచ్చేది. అది నుదుటి మీదో పై కనురెప్ప మీదో ఉండి ఉంటే పుట్టిన కొద్ది రోజుల్లోనే కంటి డాక్టరుకు కూడా చూపించాల్సి ఉండేది, ఎందుకంటే అక్కడ ఉన్న పిల్లల్లో కొందరికి కంటిలో ప్రెషర్ పెరగడం, మూర్ఛ రావడం ఉంటుంది. ఈ మచ్చకు కారణం 2013లో తెలిసింది. బిడ్డ కడుపులో ఉండగానే జీఎన్‌ఏక్యూ అనే జన్యువులో, అదీ కొన్ని కణాల్లో మాత్రమే, ఒక చిన్న మార్పు జరుగుతుంది. అమ్మానాన్నల నుంచి సంక్రమించేది కాదు, అమ్మ తిన్నదాని వల్లో భయపడినందువల్లో వచ్చేది అసలే కాదు. మా అమ్మ ఉన్నంత కాలం నా చెంప చూసినప్పుడల్లా తను ఏం తప్పు చేశానా అని వెతుక్కునేది. ఈ సంగతి ఆమెకు చెప్పే అవకాశం నాకు దొరకలేదు, అప్పటికే ఆమె లేదు.

మా తమ్ముడి పాప సంగతి ఇంకోలా ఉంది. పుట్టినప్పుడు ఏమీ లేదు. రెండో వారంలో కుడి కనురెప్ప మీద దోమ కుట్టినట్టు చుక్క, ఆరో వారానికి అది ఎర్రగా ఉబ్బి రెప్పను కిందకు లాగేసింది, పాప మమ్మల్ని చూడాలంటే గడ్డం పైకెత్తి చూసేది. దీన్ని హిమాంజియోమా అంటారు, అంటే రక్తనాళాలు గుంపుగా పెరిగి ఏర్పడే గడ్డ. ఇవి చాలావరకు మందు లేకుండానే ఏళ్ల మీద కరిగిపోతాయి, కాబట్టి "పోతుందిలే" అన్నవారు అబద్ధం చెప్పలేదు. కానీ అది ఉన్న చోటును చూడలేదు. కంటి దగ్గర, ముక్కు మీద, పెదవి మీద, గడ్డం చుట్టూ వచ్చినవాటికి ఆగడం కుదరదు. రెప్ప కంటిని మూసేస్తే ఆ కంటితో చూడటం మెదడు నేర్చుకోదు. గడ్డం చుట్టూ ఉన్నప్పుడు గొంతులోనూ ఉండొచ్చు, ఊపిరికి అడ్డం పడొచ్చు. ఒంటి మీద ఐదు, అంతకంటే ఎక్కువ ఉంటే కాలేయానికి స్కాన్ చేసి చూస్తారు. పైగా ఇది అన్నిటికంటే వేగంగా పెరిగేది ఐదు నుంచి ఏడు వారాల మధ్య. అంటే నెల నిండేలోపే దీని గురించి తెలిసిన డాక్టరు చూడాలి. మేం నాలుగో నెలలో వెళ్లాం.

అక్కడ ప్రొప్రనలాల్ సిరప్ మొదలుపెట్టారు. అది గుండెకూ బీపీకీ వాడే పాత మందే, ఫ్రాన్స్‌లోని బోర్డోలో క్రిస్టీన్ లియోటే లాబ్రెజ్ అనే చర్మ వైద్యురాలి బృందం గుండె సమస్య ఉన్న ఒక పసిబిడ్డకు ఇస్తే మచ్చ కుంచించుకుపోవడం గమనించి 2008లో ప్రకటించింది. పాలు తాగించాకే వేయాలి, పాప సరిగ్గా తాగని రోజు డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి, లేకపోతే చక్కెర పడిపోవచ్చు అని మరీ మరీ చెప్పారు. కొన్ని రోజుల్లోనే రంగు మారింది, నెలల్లో రెప్ప లేచింది. అయితే ఆ కంటి చూపు కొంత వెనకబడే ఉంది. ఇప్పుడు అద్దాలు పెట్టుకుంటుంది, రోజుకు కొన్ని గంటలు బాగున్న కంటికి పట్టీ అంటిస్తాం. అంటించిన రెండు నిమిషాలకే చూపుడువేలితో పట్టీ అంచు మెల్లగా లేపి ఆ సందులోంచి చూస్తుంది. ఆ పది వారాలు ముందే వెళ్లి ఉంటే అనే ఆలోచన మా తమ్ముణ్ణి వదలడం లేదు.

మిగతావి క్లుప్తంగా రాస్తాను. మా అబ్బాయికి వచ్చినలాంటి నీలం మచ్చ చాలావరకు చిన్నతనంలోనే పోతుంది, హాని చేయదు, కాకపోతే దెబ్బ కమిలినట్టు ఉంటుంది కాబట్టి పుట్టినప్పుడే రాసి పెట్టించుకోవాలి, లేదంటే బిడ్డను కొట్టారేమోనని తర్వాత ఎవరైనా అనుమానించే ప్రమాదం ఉంది. పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు, చిన్న పిల్లల్లో ఐదు మిల్లీమీటర్లు దాటినవి ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే నరాలకు సంబంధించిన జబ్బు ఉందేమో చూడాలి. అరచేతిని మించిన నల్ల మచ్చ పుట్టుకతోనే ఉంటే క్రమం తప్పకుండా చూపిస్తూ ఉండాలి. వెన్నెముక మీద, నడుము దగ్గర మచ్చతో పాటు వెంట్రుకల కుచ్చు ఉంటే లోపల వెన్నుపామును పరీక్షించాల్సి రావచ్చు.

ఇక సరైన డాక్టరును వెతుక్కోవడం ఎంత కష్టమో నా చెంపే సాక్ష్యం. ఏళ్ల కిందట ఒక లేజర్ సెంటరుకు వెళ్లాను, పేరు రాయను. తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి మచ్చను సరిగ్గా చూడనైనా చూడకుండా "నాలుగు సిట్టింగుల్లో క్లియర్ అయిపోతుంది మేడమ్" అంది. చేసింది వెంట్రుకలు తీసే మెషీన్‌తో అని తర్వాత తెలిసింది, ఆమె డాక్టర్ కాదని కూడా తర్వాతే తెలిసింది. చెంప బొబ్బలెక్కి, రూపాయి బిళ్లంత మేర రంగు పోయి తెల్లగా మిగిలిపోయింది. తర్వాత దొరికిన చర్మ వైద్యురాలు మొదటి రోజు మెషీన్ జోలికే పోలేదు. గాజు పలక పెట్టి నొక్కి ఎంత పలచబడుతుందో చూశారు, నా పాత ఫోటోలు అడిగారు, చెవి దగ్గర చిన్న చోట పరీక్షగా లేజర్ కొట్టి కొన్ని వారాలు ఆగమన్నారు. "పూర్తిగా పోతుందని నేను చెప్పను, పలచబడుతుంది" అన్నారు. ఆ మాట వినగానే నమ్మకం కలిగింది.

ఆమె చేసింది పల్స్‌డ్ డై లేజర్. కాంతిని రక్తం పీల్చుకునేలా ఎంచుకుంటే పైచర్మం కాలకుండా లోపలి నాళం మాత్రమే దెబ్బతింటుందని 1983లో అమెరికా పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ ప్యారిష్ చెప్పిన సూత్రం మీద ఇది పనిచేస్తుంది. చామనఛాయ, నలుపు ఒళ్లు ఉన్నవారిలో చర్మం రంగు కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. సిట్టింగ్ అయిన ప్రతిసారీ పది రోజులు చెంప నేరేడు పండు రంగులో ఉండేది. ఏడు సిట్టింగులకు మచ్చ సగం పలచబడింది, బుడిపెలు పోయాయి. నాకు అది చాలు. పసితనంలోనే మొదలుపెడితే ఫలితం తరచూ ఇంకా బాగుంటుందట. ఎవరైనా మచ్చ చూపించుకోవడానికి వెళ్తే నేను చెప్పేది ఇదే: చికిత్స చేసేది చర్మ వైద్యం చదివిన డాక్టరేనా, వైద్య మండలి జాబితాలో పేరుందా, ఈ మచ్చ పేరేంటి, ఈ లేజరే ఎందుకు, నా రంగు చర్మం మీద ఎంతమందికి చేశారు, ఫలితం రాకపోతే ఏంటి, ఇవన్నీ అడగండి. విసుక్కుంటే లేచి వచ్చేయండి.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. బిడ్డను ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మచ్చ ఉంటే దాని పేరు, ఎక్కడుంది, ఎంత ఉంది, ఎప్పటిలోగా ఎవరికి చూపించాలి అని రెండు లైన్లు రాయాలని ఆసుపత్రులకు ఆరోగ్య శాఖ చెప్పాలి. పుట్టాక బయటపడే మచ్చల కోసం నెల నిండేలోపే నర్సు ఒంటినిండా ఒకసారి చూస్తే సరిపోతుంది. పిల్లల పుట్టుమచ్చలకు చికిత్స చేసే చర్మ వైద్యులు ఎవరో వైద్య మండలి వేరే జాబితాగా పెట్టాలి, డాక్టర్ లేకుండా లేజర్ పెట్టే చోట్లను తనిఖీ చేయాలి. ఇంట్లోవాళ్లు వారానికోసారి మచ్చ పక్కన స్కేలు పెట్టి, ఒకే వెలుతురులో ఫోటో తీసుకుంటే పెరుగుతోందో లేదో డాక్టరుకు నిమిషంలో తెలిసిపోతుంది.

మీ పత్రిక ఒక్క ఆదివారం దీనికి ఒక పేజీ ఇవ్వగలిగితే, ఏ మచ్చ ఎలా ఉంటుందో బొమ్మలతో వేయండి. పోర్ట్ వైన్ స్టెయిన్ కోసం ఫోటో కావాలంటే నాది వాడుకోవచ్చు, మచ్చ ఉన్న వైపు నుంచే తీయించి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు