వాన పరీక్ష నెగ్గాకే పురస్కారం

సంపాదకులకు,

నిర్మాణ రంగంలో ఏటా ఇచ్చే ఉత్తమ పురస్కారాల మీద నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా తొందర మీదే. రంగు ఆరకముందే వంతెనకు జ్ఞాపిక అందుతుంది. కట్టడం గట్టిదో కాదో న్యాయనిర్ణేతలకంటే ముందు వరద చెప్పాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు ఏ కాలువ నీటిని మోసిందో, ఏది వెనక్కి తన్నిందో ఇక్కడివారికి తెలుసు. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) 2023 అక్టోబరులోనే కుంగాయి.

కనీసం ఐదేళ్లు వాడుకలో ఉన్న పనులనే పరిశీలించాలి. దరఖాస్తులో ఫొటోలతోపాటు మరమ్మతుల ఖర్చు, పనిచోట జరిగిన ప్రమాదాల వివరాలు అడగాలి. మురుగు కాలువ లాంటి కంటికి కనిపించని పనులకూ ఒక విభాగం ఉండాలి. ఎప్పుడూ తీగల వంతెనలకేనా?

ఇసుక పునాది మీద పదమూడో శతాబ్దంలో లేచిన రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. అంతకాలం ఆగమనడం లేదు లెండి! అయితే ఆ గుడిని జనం పిలుచుకునేది శిల్పి పేరుతోనే. జ్ఞాపిక మీద సంస్థ పేరు కింద సైటు ఇంజినీరు, మేస్త్రీల పేర్లు కూడా చెక్కించడానికి నిర్వాహకులకు ఏపాటి ఖర్చవుతుంది?

— ఒక విశ్రాంత ఇంజినీరు, హనుమకొండ