నూరేళ్ల సంచికలో మెస్ లెక్కలకూ చోటివ్వండి

సంపాదకుల వారికి,

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) నూరేళ్ల సందర్భంగా వచ్చే రచనల్లో తొలి వైస్ ఛాన్సలర్లు కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎలాగూ ఉంటారు. బెజవాడ నుంచి 1930లో వాల్తేరు చేరడం, 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడ్డాక గుంటూరుకు తరలడం కూడా ఉంటాయి. ఉండాల్సినవే. కానీ హాస్టల్ కుర్రాళ్లు ఏం తిన్నారు, నెలకు ఎంత కట్టారు, ఏ నెలలో కట్టలేకపోయారు అన్నది మెస్ పుస్తకాల్లోనే తెలుస్తుంది. ఆడిట్ అయిపోయాక ఏ విశ్వవిద్యాలయంలోనైనా ముందుగా చిత్తుకాగితాల కిందికి పోయేవి అవే.

పాత డివైడింగ్ మెస్ లెక్క, అంటే నెల ఖర్చును తిన్నవాళ్లంతా పంచుకునే పద్ధతి, తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు కాబట్టి కాస్త వివరిస్తాను. నెల మొదటి నిల్వకు ఆ నెల కొన్న సరుకులు, కట్టెలు, పాలు, కూరగాయల ఖర్చు కలపాలి. అందులోంచి నెలాఖరు నిల్వ విలువ, గెస్ట్ టోకెన్ల మీద వచ్చిన సొమ్ము తీసేయాలి. మిగిలినదాన్ని అందరి హాజరు రోజుల మొత్తంతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. వంటవాళ్ల జీతాలను మాత్రం చాలాచోట్ల ఇందులో కలపకుండా తలకింత అని విడిగా వేసేవారు. లేకపోతే దసరా సెలవుల్లో హాస్టల్లో మిగిలిన పదిమందీ జీతాలన్నీ మోయాల్సి వచ్చేది.

పొరపాటైనా మోసమైనా ఎక్కువగా జరిగేది నెలాఖరు నిల్వ దగ్గరే. 200 మంది ఉన్న హాస్టల్లో నెలకు 6,000 హాజరు రోజులనుకుందాం. నిల్వను 600 రూపాయలు తక్కువ రాస్తే రేటు పెరిగేది రోజుకు పది పైసలు, నెలకు మనిషికి మూడు రూపాయలు. ఎవరూ అడగరు, 600 రూపాయల బియ్యం దొడ్డిదారిన పోతుంది. పట్టుకోవాలంటే బస్తాల లెక్కను రోజువారీ ఇండెంట్లతో (వంటకు ఏ రోజు ఎంత సరుకు తీశారో రాసే చీటీలతో) సరిచూడాలి. నెలాఖరు నిల్వ, మరుసటి నెల మొదటి నిల్వ ఒకటేనా అని చూస్తే చాలదు, తప్పుడు అంకెనే రెండుచోట్లా దించుతారు. రేటు తగ్గించానన్న పేరు కోసం ఆఖరి వారంలో కందిపప్పు ఇండెంటు కోసే మెస్ సెక్రటరీలకూ కొదవలేదు. చారు పలచబడిందన్న ఫిర్యాదు నిజమో కాదో ఆ కాగితమే చెబుతుంది.

అందుకే నెలవారీ రేటు పట్టీ ఒక్కటే దాచి మిగతావి పారేయడం తప్పు. స్టాకు రిజిస్టరు, ఇండెంట్లు, హాజరు పట్టీ, ఓచర్లు, ఫిర్యాదుల పుస్తకం కలిపి ఉంటేనే చదవడానికి పనికొస్తాయి.

భద్రపరచడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ముందుగా ఓచర్లకు గుచ్చిన గుండుసూదులు తీయాలి. సముద్రపు గాలికి అవి తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. లాగితే చిరుగుతుంది, సూదిని కదలకుండా పట్టుకుని కాగితాన్నే మెల్లగా జరపాలి. దుమ్ము మెత్తటి పొడి బ్రష్‌తోనే దులపాలి, తడిగుడ్డ తగిలితే పాత సిరా పాకుతుంది. చిరుగులకు సెల్లోటేపు వేయొద్దు, జిగురు పసుపెక్కి అక్షరాల మీదికి దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేశాక విడదీయలేం. పెద్ద లెడ్జర్లను నిలబెట్టకుండా పడుకోబెట్టి, గోడకు ఆనకుండా, నేలకు జానెడు ఎత్తున ఉంచాలి. స్కానింగ్ కోసం కుట్టు కోసేయకుండా పై నుంచి తీసే కెమెరా వాడితే మేలు. ఫైలు పేరులో హాస్టల్, సంవత్సరం, నెల ఉండాలి. ఒట్టి అంకెలు వేస్తే వెతకడం మళ్లీ మొదటికొస్తుంది.

విశ్వవిద్యాలయాలు ఇకపై పాత రికార్డులు రద్దు చేసే ముందు, చరిత్ర శాఖ నుంచీ గ్రంథాలయం నుంచీ ఒక్కొక్కరు చూసి సంతకం పెట్టాకే వాటిని బయటికి పంపాలని ఉత్తర్వు ఇవ్వాలి. మెస్ బకాయిల పట్టీల్లో విద్యార్థుల పేర్లుంటాయి కనుక, అందరికీ చూపే ప్రతిలో వాటిని కప్పేసి మొత్తాలు మాత్రమే ఉంచాలి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం